పాటర్ క్రీక్‌లో పాట విడుదల

మా ఊరి పేరు పాటర్ క్రీక్. క్రీక్ అంటే ఏరు కాబట్టి పేరులో ఏరు ఉంది, దానికి ముందు పాట కూడా ఉంది. ఊళ్లో మాత్రం రెండూ లేవు. ఏరు మా తాతల కాలంలోనే ఎండిపోయింది. పాట ఎందుకు లేదో చెప్పాలంటే మా బ్యాండు గురించి చెప్పాలి, బ్యాండు గురించి చెప్పాలంటే పందుల గురించి చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు గోధుమచేల మధ్య ఒక నీళ్ల ట్యాంకు, ఒక ధాన్యం గోదాము, రెండు చర్చిలు కనిపిస్తే అదే మా ఊరు. చర్చిలు రెండు గానీ చర్చ ఒకటే, ఈ ఏడు వాన పడుతుందా లేక బ్యాంకు మనమీద పడుతుందా అని. ఇలాంటి ఊళ్లో మేం ముగ్గురం రాక్ బ్యాండు పెట్టాం. రస్టీ కల్వర్ట్స్ అని పేరు, అంటే తుప్పు పట్టిన కల్వర్టులు. పేరులో తుప్పు మేం పెట్టుకున్నది, పాటలో తప్పు ఊరివాళ్లు పట్టుకున్నది.

పాటలు రాసేది, పాడేది, గిటారు మీటేది ట్విలా పెన్నర్. యాభై దాటిన మనిషి. పగలంతా బడి వంటశాలలో జుట్టుకి వల కట్టుకుని పిల్లలకు ఆలుగడ్డ ముద్ద వడ్డిస్తుంది. నా పేరు వెర్నన్ క్లాసెన్, వెర్న్ అంటారు. నాకు టైర్ల దుకాణం ఉంది. అంటే గాలి కొట్టడం నా వృత్తి, గాలికి తిరగడం ప్రవృత్తి. బ్యాండులో నాది బేస్ గిటారు. బేస్ నేనే గానీ బాస్ మాత్రం ట్విలా. డ్రమ్ములు గేలెన్ వీబేవి. గేలెన్ మా ఊరి అగ్నిమాపక దళానికి చీఫ్. జీతం లేని ఉద్యోగం, హెల్మెట్ ఉన్న హోదా. నిప్పు కనిపిస్తే ఆర్పుతాడు, డప్పు కనిపిస్తే బాదుతాడు, మధ్యలో ఆయన భార్యవి తిప్పలు. తాళాలు రెండూ ఆయన చేతిలోనే ఉంటాయి, పాట తాళమూ, ఫైర్ స్టేషన్ తాళమూ. గేలెన్‌కి ఉన్న ఒకే ఒక్క అవలక్షణం అబద్ధం చెప్పలేకపోవడం. కొత్తగా పెళ్లయిన రోజుల్లో భార్య కొత్త గౌను తొడుక్కుని ఎలా ఉన్నానని అడిగితే, గౌను బాగుందన్నాడు. ఆ రాత్రి ఫైర్ స్టేషన్‌లోనే పడుకున్నాడు.

ఇక పందుల సంగతి. బ్యాండు పెట్టిన కొత్తలో గ్రూబర్ అనే ఆయన తన పందుల మేత దుకాణానికి రేడియోలో వేసుకోడానికి ఒక ప్రకటన పాట చేయమన్నాడు. చేశాం. ‘నీ పంది నవ్వాలా, గ్రూబర్ మేత వెయ్యి’ అని పల్లవి. పల్లవి అయ్యాక వినేవాళ్లందరూ ముక్కుతో పందిలా గుర్రుమనాలి. అంతే, చరణాలు లేవు. పందికి నాలుగు కాళ్లున్నాయి కదా, పాటకి చరణాలెందుకన్నాడు గ్రూబర్. ఆ గ్రూబర్ పోయాడు, దుకాణం మూతపడింది, ఊళ్లో పందులు కూడా చాలావరకు పోయాయి. పాట మాత్రం పోలేదు. పెళ్లిళ్లకి అదే, బడి వార్షికోత్సవానికి అదే, ఒకసారి అంత్యక్రియలకి కూడా అదే పాడమన్నారు. పోయినాయన చివరి కోరిక అట. నల్ల బట్టలేసుకున్న జనం చర్చి నిండా నిలబడి గుర్రుమంటుంటే పాస్టరుగారు కిటికీ వైపు తిరిగిపోయారు. ఆయన భుజాలు ఊగడం నేను చూశాను. ఏడ్చారో నవ్వారో దేవుడికి తెలియాలి, ఆయనే చెప్పుకుని ఉంటారు.

ట్విలా మాత్రం ఏళ్ల తరబడి కొత్త పాటలు రాస్తూనే ఉంది. మేం వాటిని మొదలుపెట్టగానే జనంలోంచి ఎవరో ఒకరు ‘మేత! మేత!’ అని కేక పెట్టేవారు. ఎవరో ఒకరు ఏమిటి, మార్లిన్ ఫ్రీసెన్ అని చెప్పడానికి నాకేం భయం. కౌంటీ జాతర కమిటీకి ఆయనే పెద్ద, గొంతు కూడా ఆయనదే పెద్దది. మేత పాటకి మోత, కొత్త పాటకి కోత. ఇదీ మా సంగీత చరిత్ర.

పోనీ కొత్తవన్నీ కలిపి రికార్డు చేద్దామా అంటే, ముహూర్తం పెట్టినప్పుడల్లా గేలెన్‌కి ఎక్కడో గడ్డి తగలబడేది, నాకు ఎవరిదో టైరు పేలేది. మా దగ్గర వాయిద్యాలకన్నా వాయిదాలు ఎక్కువ.

ఈ వసంతంలో జాతర కమిటీవాళ్లు నా దుకాణానికి ఒక అట్టపెట్టె పంపారు. వేసవి జాతరలో మేత పాట పాడాలని, పాడేటప్పుడు ఇవి పెట్టుకోవాలని మార్లిన్ స్వయంగా చెప్పి వెళ్లాడు. పెట్టె తెరిచి చూస్తే తలకి తగిలించుకునే పంది చెవులు, మూడు జతలు, గులాబీ రంగువి. మా కొత్త పాటలు వినడానికి ఊరికి చెవుల్లేవు గానీ, మాకు మాత్రం చెవులు పంపింది.

ట్విలా వంటశాల నుంచి నేరుగా వచ్చి, టైర్ల దొంతరమీద కూర్చుని, ఒక జత తగిలించుకుంది. చేతులు కడుక్కునే తొట్టి పైనున్న అద్దంలో చాలాసేపు చూసుకుంది. నేను ఏదో జోకు వేయబోయి మానుకున్నాను. నా జీవితంలో అలా మానుకున్న సందర్భాలు తక్కువ.

“వెర్నూ, ఒక్కసారి. ఊరంతా కూర్చుని నా పాటలు మొదటినుంచి చివరిదాకా వినాలి, మధ్యలో ఎవడూ గుర్రుమనకూడదు. అది జరిగితే ఈ పెట్టె మార్లిన్ మొహాన కొడతాను. జరక్కపోతే ఇవే పెట్టుకుంటాను. ఇంక రాయను, చచ్చేదాకా గుర్రుమంటాను,” అంది.

ఊరంతా అంది గానీ, ఆమెకి కావలసిన చెవులు నిజానికి ఒక్క జతే. అవి ఓర్ఫా గర్ట్‌సెన్ టీచరువి. తొంభైకి దగ్గర పడిన మనిషి, చర్చిలో ఆర్గన్ ఇప్పటికీ ఆవిడదే. ట్విలాకి పియానో నేర్పింది ఆవిడే. పాప జడల నాటినుంచి నెరిసిన జుట్టుదాకా ట్విలా ఏం వాయించినా, ఏం పాడినా, ఓర్ఫా టీచరు ‘ఊఁ’ అని ఊరుకుంటుంది. ‘ఊఁ’ అంటే మా ఊళ్లో ‘ఇంటికెళ్లి మళ్లీ నేర్చుకో’ అని అర్థం. ట్విలా ఆవిడ నోట వినాలని ఎదురుచూసింది ఒకే ఒక్క మాట కోసం. పర్వాలేదు.

నవ్వకండి. మా ఊళ్లో అంతకుమించిన మెచ్చుకోలు లేదు. పెళ్లికూతురు దేవకన్యలా ఉంటే పర్వాలేదు. గోదాము పొంగిపొర్లేలా పంట పండితే పర్వాలేదు. అద్భుతం అన్నవాణ్ణి మేం బీమా ఏజెంటు అనుకుని తలుపు వేసుకుంటాం.

ఆ మాటకి ఇంకో ఉద్యోగం కూడా ఉంది. మా చిన్నతనంలో పెద్ద సుడిగాలి వచ్చి పడమటి వీధిని పీక్కుపోయింది. జనమంతా నేలమాళిగల్లో దాక్కుంటే, అప్పటి చీఫ్, అంటే గేలెన్ వాళ్ల నాన్న, మెట్ల పైనున్న తలుపు తీసి ‘పర్వాలేదు’ అన్నాడు. ఆయన చేసిన ప్రసంగాల్లోకెల్లా అదే పొడుగైంది. ఆనాటినుంచి అది ఊరికి శాసనం. సుడిగాలి సైరన్ మోగితే కిందికి దిగాలి. ‘పర్వాలేదు’ వినపడ్డాకే పైకి ఎక్కాలి. ముందే ఎక్కినవాడి పేరు ఊళ్లో మూడు తరాలు చెప్పుకుంటారు, మంచికి మాత్రం కాదు. సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి మోగే సైరన్ ఒక్కటే దీనికి మినహాయింపు. అది పరీక్ష సైరన్. సోమవారం పన్నెండుకి మోగితే భోజనం, మిగతా ఎప్పుడు మోగినా నేలమాళిగ.

చెవుల పెట్టె వచ్చిన కోపంలో రికార్డింగ్ మొదలైంది. బడికి వారం రోజుల వసంత సెలవులిచ్చారు. ఫైర్ స్టేషన్లోంచి ఇంజన్లు బయటికి తోలేస్తే లోపల మిగిలే ఖాళీలో గొంతు గంటలా మోగుతుంది. అక్కడే మైకులు పెట్టాం. మొదటి రోజు సోమవారం. మొదటి పాట ‘గాలికి పోనీ’. ‘నా ఇంటి కప్పు గాలికి పోనీ, నీ పేరు మాత్రం పోనీయను’ అని ట్విలా గొంతు పైపైకి ఎక్కే చోట సరిగ్గా పన్నెండయింది. స్టేషన్ నెత్తిమీదున్న సైరన్ కూడా ఆమెతో పాటు ఎక్కింది. మేం ముగ్గురం ఆగామా అంటే, ఆగలేదు. సోమవారం సైరన్ మా చెవులకి వినపడదు, కడుపుకి వినపడుతుంది. పాట పూర్తిచేసి, గిటార్లు దించి, భోజనానికి కూర్చున్నాం. రికార్డయినది తర్వాత వింటే అప్పుడు తెలిసింది, పాటలో నాలుగో గొంతు ఉందని. ఇంకో సంగతి కూడా తెలిసింది. మా ముగ్గురికన్నా సైరనే శ్రుతిలో ఉంది.

మళ్లీ పాడదామన్నాడు గేలెన్. వద్దంది ట్విలా. అంత బాగా ఇంకెప్పుడూ కుదరదని, దీన్నే రికార్డులో మొదట పెడదామని పట్టుబట్టింది. నా దుకాణంలోని చిన్న స్పీకర్లో సైరన్ దోమ పాటలా సన్నగా వినిపించింది. దోమకేం భయపడతామని ఒప్పుకున్నాం.

తొమ్మిది పాటలతో నల్లటి రికార్డు అచ్చయి వచ్చింది. మే నెల ఆదివారం, చర్చి అయ్యాక, మాజీ సైనికుల లీజియన్ హాల్లో విడుదల. మేం వేదికెక్కితే మార్లిన్ మేతకి దిగుతాడు కాబట్టి, అసలు ఎక్కకూడదని ట్విలా పథకం. రికార్డు పెట్టెయ్యడమే, జనంలో కూర్చోవడమే. మనిషిని కేకలేసి ఆపొచ్చు, తిరిగే పళ్లేన్ని ఎలా ఆపుతారు? జనాన్ని రప్పించడానికి మాత్రం పళ్లేలే కావాలి. ట్విలా స్వయంగా పుల్లటి రూబార్బ్ కాడల పై చేసింది, ఆపిల్ పై చేసింది, చెర్రీ పై చేసింది. పైపై మెరుగులు కావు, పిండి పొరల్లో తీపి కూరి కాల్చిన నిజం పైలు. వెనక వరసలకి కూడా వినపడాలని నేను రోడియో మైదానం నుంచి పెద్ద స్పీకర్లు అడిగి తెచ్చాను. ఎద్దులు పరిగెత్తేటప్పుడు వ్యాఖ్యానం చెప్పే స్పీకర్లు అవి. నా జీవితంలో చేసిన తెలివైన పనుల్లో అదొకటని అప్పట్లో అనుకున్నాను.

ఊరంతా వచ్చింది. బయట ఆకాశం పడమటి వైపు ఆకుపచ్చగా, పాత గాయంలా ఉంది. మే నెలలో మా ఆకాశం అంతే, దాన్ని ఎవరూ పట్టించుకోరు, అందరూ ఓరకంట చూస్తూనే ఉంటారు. ఓర్ఫా టీచరు మొదటి వరసలో చెర్రీ పై ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మార్లిన్ రెండో వరసలో కూర్చుని, గుర్రుమనడానికి గొంతు సవరించుకుంటున్నాడు. ట్విలా నా పక్కన కుర్చీ అంచుమీద కూర్చుంది. నేను బల్ల దగ్గరికి వెళ్లి రికార్డు మీద సూది దించాను.

పాట మొదలైంది. పల్లవి అయింది. జనం తింటున్నారు, వింటున్నారో లేదో తెలియదు. మొదటి చరణం. ట్విలా గొంతు పైకెక్కింది, ఆ వెనకే నాలుగో గొంతు ఎక్కింది. రోడియో స్పీకర్లలో అది దోమలా లేదు.

మంచి పాటకి కాళ్లు వాటంతటవే కదలాలంటారు. మా పాటకి కదిలాయి. మొదటి చరణంలోనే ఊరి చరణాలన్నీ లేచాయి. ఎవరూ అరవలేదు, తోసుకోలేదు. పుట్టినప్పటినుంచి చేస్తున్న పని కదా. ఆడవాళ్లు పిల్లల చేతులూ, పళ్లేలూ పట్టుకుని నేలమాళిగ మెట్ల వైపు నడిచారు. అందరి చేతుల్లో పై, అందరి నడక కిందికి. మగవాళ్లు మామూలుగానే ముందు అరుగు మీదికి వెళ్లి, చేతులు కట్టుకుని, ఆకాశాన్ని చూసి, ‘ఊఁ’ అనుకుని, భార్యల కేకలు విని అప్పుడు దిగారు. గేలెన్ ఎక్కడినుంచి తీశాడో హెల్మెట్ తీసి నెత్తిన పెట్టుకుని, మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ దింపాడు.

ఇంతకీ చెప్పొచ్చేదేమంటే, మేం కూడా దిగాం. పాట మాది, సైరన్ మేమే పట్టినది, అది అక్కడ వస్తుందని మాకు తెలుసు. అయినా దిగాం. నేను ఓర్ఫా టీచరు మోచెయ్యి పట్టుకుని దిగాను. ట్విలా పైలు మోసుకుంటూ దిగింది. గేలెన్ ఆఖర్న దిగి తలుపు వేశాడు. అప్పుడు, మూసిన తలుపు అవతల, నెత్తిమీది చెక్కల్లోంచి, ట్విలా గొంతు రెండో చరణం ఎత్తుకుంది.

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గేలెన్ చెవులు ఎర్రబడ్డాయి. నిజాయితీపరుడికి రక్తం ముందు చెవుల్లోకే వస్తుంది. నోరు తెరవబోయాడు. ట్విలా ఆయన చొక్కా పట్టుకుని మూలకి, డబ్బాల్లో నిల్వ చేసిన చిక్కుడు గింజల అలమార వెనక్కి లాగింది. నేను కూడా వెళ్లాను.

“గేలెన్, ఆ మాట అనకు,” అంది.

“అది రికార్డు, ట్విలా. చీఫ్‌ని నేను. చెప్పకపోతే అబద్ధం.”

“నిన్నెవరైనా అడిగారా?”

గేలెన్ ఆలోచించాడు. పాటలో తాళం లెక్కపెట్టేటప్పుడు పెట్టే మొహం పెట్టాడు. ఎవరూ అడగలేదని ఒప్పుకున్నాడు. అడగనిదానికి చెప్పకపోవడం అబద్ధం కిందికి వస్తుందా రాదా అని నన్నడిగాడు. మనమే కింద ఉన్నాం, ఇంకా కిందికి ఏం వస్తుందన్నాను. తాళం వేసినవాడు తాళం తీయలేదు, అంతే జరిగింది.

ఆ విధంగా మా పాట విడుదలైంది, ఊరు బందీ అయింది.

కాసేపు జనం వాళ్ల మాటల్లో వాళ్లున్నారు. సుడిగాలి ఏ వైపునుంచి వస్తుంది, ఎవరి పశువులు బయటున్నాయి, రూబార్బ్‌లో చక్కెర తక్కువైందా అని. ఆ తర్వాత మాటలు అయిపోయాయి. మా ఊళ్లో మాటలు త్వరగానే అయిపోతాయి. పై కూడా అయిపోయింది. పైన పాట మాత్రం అవలేదు. కాలక్షేపానికని మార్లిన్ లేచి, చేతులు చరిచి, ‘నీ పంది నవ్వాలా’ అని ఎత్తుకున్నాడు. మూడు నాలుగు ముక్కులు తయారయ్యాయి కూడా. నా పక్కన ట్విలా విలవిల్లాడింది.

“మార్లిన్, కూర్చో. పైన పాట నడుస్తోంది,” అంది ఓర్ఫా టీచరు.

గొంతు పెంచలేదు. మార్లిన్‌కి కూడా ఆవిడే పియానో నేర్పింది, రెండు వారాలు నేర్పి వాళ్లమ్మకి అప్పగించేసింది. ఆయన అరవై ఏళ్ల మనిషి కాస్తా ఆరేళ్లవాడిలా కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవరూ గుర్రుమనలేదు. చెయ్యడానికి వేరే పని లేక, వెళ్లడానికి వేరే చోటు లేక, పాటర్ క్రీక్ పాట విన్నది. నేను ఇన్నేళ్లుగా గిటారు మెట్లమీద వేళ్లు అరగదీసినా రాని నిశ్శబ్దం, నేలమాళిగ మెట్లు దించేసరికి వచ్చింది.

మొదటి వైపు అయిపోయింది. నల్ల రికార్డుకి రెండు వైపులుంటాయనే సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. పైన సూది ఖాళీగా గీకుతున్న చప్పుడు. జనం తలలు గేలెన్ వైపు తిరిగాయి. ఇంక అడిగేస్తారు.

నేను గట్టిగా, చీఫ్ పైకెళ్లి పరిస్థితి చూసొస్తే బాగుంటుందన్నాను. గేలెన్ బరువుగా మెట్లెక్కి వెళ్లాడు. పైన బూట్ల చప్పుడు తలుపుదాకా పోయింది, అంటే ఆకాశాన్ని నిజంగానే చూశాడు. ఆ తర్వాత బల్లదాకా వచ్చింది. గీకుడు ఆగింది. గిటారు మొదలైంది. గేలెన్ దిగొచ్చి, అందరూ ఎదురుచూస్తుంటే, హెల్మెట్ సర్దుకుని చెప్పాడు.

“ఒక వైపు అయింది. ఇంకో వైపు కూడా చూడాలి.”

జనం తలలూపారు. తుఫాను గురించి ఎంత జాగ్రత్తగా మాట్లాడాడో అనుకున్నారు. గేలెన్ నా పక్కకొచ్చి, తాను చెప్పిందాంట్లో అబద్ధం లేదు కదా అని అడిగాడు. అక్షరం కూడా లేదన్నాను.

రెండో వైపు మధ్యలో ఒక మెల్లని పాట ఉంది. డ్రమ్ములు లేవు, నేనూ దాదాపు లేను. మా ఊరికి వచ్చే రైలు ఆపేసి, పట్టాలు పీకేసిన ఏడాది గురించి. ఓర్ఫా టీచరు ఇంట్లో అప్పుడొక కుక్క ఉండేది. పట్టాలు లేకపోయినా, రోజూ రైలొచ్చే వేళకి అది గేటు దగ్గరికి పరిగెత్తి, లేని రైలు మీద మొరిగి, తృప్తిగా తిరిగొచ్చేది. టీచరు గొలుసు చేత్తో పట్టుకుని దాని వెనకే వెళ్లి, మొరగడం అయ్యేదాకా నిలబడేది. పియానో ముందు కూర్చుని వేళ్ల కసరత్తు చేస్తూ, కిటికీలోంచి ట్విలా అది చూసేది. చూసిందని ఈ పాటకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

‘పట్టాలు పోతే పోయాయి, వేళ మాత్రం పోలేదుగా’ అని ఆ పాటలో ఒక ముక్క ఉంది. అది వచ్చినప్పుడు నేను ఓర్ఫా టీచరు వైపు చూడకూడదనుకుని చూశాను. ఆవిడ చేతిలో ఖాళీ పళ్లెం ఉంది. కుడిచేతి వేళ్లు పళ్లెం అంచుమీద కదులుతున్నాయి. ఎప్పుడో ఇచ్చిన పాఠాన్ని తిరిగి అప్పజెప్పించుకుంటున్నట్టు ఉంది. ట్విలా ఆవిడ కుర్చీ వెనక గోడకి ఆనుకుని, పైన తను పాడుతున్నది కింద తానే వినలేనట్టు కళ్లు మూసుకుంది.

పాట అయింది. ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య రికార్డు ఊపిరి తీసుకునే జాగా ఉంటుంది కదా, అక్కడ నేలమాళిగ మొత్తం మౌనంగా ఉంది. ఆ మౌనంలో ఓర్ఫా టీచరు, తల తిప్పకుండానే, వెనకున్న ట్విలాకి వినపడేలా చెప్పింది.

“పర్వాలేదు.”

ట్విలా కళ్లు తెరిచింది. అదే క్షణంలో, కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. ఊరు లేచింది. మాట వినపడింది కదా. ఎవరన్నారు, ఎందుకన్నారు అని చూసేవాడెవడు? ఎవరి నోట వచ్చినా శాసనం శాసనమే. పళ్లేలు పోగుచేసుకున్నారు, పిల్లల్ని లెక్క చూసుకున్నారు, మెట్లెక్కి వెళ్లిపోతున్నారు. మార్లిన్ గేలెన్ భుజం తట్టి, బాగా చూసుకున్నావు చీఫూ అన్నాడు. ‘నేను అనలేదు’ అన్నాడు గేలెన్, ఆయనకి నిజం కక్కే అవకాశం దొరికిందన్న సంతోషంతో. మార్లిన్ దాన్ని వినయం అనుకున్నాడు. అరుగుమీద ఎండ వచ్చిందని పైనుంచి ఎవరో చెబుతున్నారు. ట్రక్కులు కదిలిన చప్పుడు. ఇంకా రెండు పాటలు మిగిలే ఉన్నాయి.

మా సంగీత జీవితంలో మాకు దక్కిన ఒకే ఒక్క ప్రశంస హాలు ఖాళీ చేయించింది. రికార్డు విడుదల చేసినవాళ్లు చాలామంది ఉంటారు, ఇది మాత్రం రికార్డే.

నేను ట్విలా మొహం చూడ్డానికి భయపడ్డాను. ఊరంతా మొదటినుంచి చివరిదాకా వినాలన్నది ఆమె షరతు. ఊరు చివరిదాకా వినలేదు. గులాబీరంగు చెవులు నా కళ్లముందు ఊగాయి. నా తలకాయ పెద్దది, ఆ జత నాకు బిగుతు కూడా.

ట్విలా టీచరు ముందుకొచ్చి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పిల్లలా ఉంది.

“టీచరుగారూ, ఇంకా రెండు పాటలున్నాయండి,” అంది.

ఓర్ఫా టీచరు మెట్ల వైపు చూసింది, వాటి నిటారుతనాన్ని అంచనా వేసింది. పళ్లెం నా చేతికిచ్చి, చెయ్యి ట్విలా చేతికిచ్చింది.

“నాకీ మెట్లెక్కడానికి ఆ మాత్రం సేపు పడుతుందిలే పిల్లా. నడు.”

ఇద్దరూ ఎక్కారు. ఒక మెట్టు, ఒక ఆగుడు. పైన నడిచే పాట తాళానికి మెట్టు పడితే ఆవిడ తల ఊపేది, తప్పితే ఆగి మళ్లీ సరిచేసుకునేది. ఎనిమిదో పాట సగం మెట్లదాకా సరిపోయింది. మధ్యలో టీచరు, నీ ఎడమచెయ్యి ఇప్పటికీ బద్ధకమేనంది. ట్విలా నవ్వుతూ ఏడుస్తూ, అది గిటారండీ, ఎడమచెయ్యి వేరే పని చేస్తుందండీ అంటే, బద్ధకానికి వాయిద్యంతో పనేముందంది. తొమ్మిదోది ఆఖరి మెట్టుమీద అయిపోయింది. మేం పైకి వచ్చేసరికి హాల్లో ఎవరూ లేరు. కుర్చీలూ, పై ముక్కల తునకలూ, ఖాళీగా తిరుగుతున్న నల్ల పళ్లెం. ఓర్ఫా టీచరు మొదటి వరసలో తన కుర్చీలోనే మళ్లీ కూర్చుంది.

“చివరిది మళ్లీ పెట్టు. నా మోకాళ్ల చప్పుళ్లో సరిగ్గా వినపడలేదు.”

మర్నాడు సోమవారం. మార్లిన్ తన ట్రక్కు టైరుకి గాలి పెట్టించుకోడానికి నా దుకాణానికి వచ్చాడు. నేను వంగి గాలి కొడుతున్నాను, ఆయన నా పక్కన నిలబడి గోధుమ ధర గురించి చెబుతున్నాడు. పన్నెండయింది. ఫైర్ స్టేషన్ మీద సైరన్ ఎత్తుకుంది. మార్లిన్ మాట ఆపలేదు. సైరన్ పైకెక్కి, నిలబడి, దిగుతుండగా, ఆయన నోటినుంచి ఆయనకి తెలియకుండానే ఒక కూనిరాగం బయటికొచ్చింది. ‘గాలికి పోనీ, గాలికి పోనీ’. రోడ్డవతల మంగలి దుకాణంలోంచి ఇంకెవరో ఈలతో అందుకున్నారు.

నేను లేచి, అలమార మీదున్న అట్టపెట్టె తీసుకొచ్చి, ఆయన ట్రక్కు సీటుమీద పెట్టాను.

ఇదేంటన్నాడు. జాతరకి రారా అన్నాడు. ఆయన మొహంలో నిజంగానే కంగారు కనిపించింది.

వస్తామన్నాను. ట్విలా చెప్పమన్న జవాబు మాటమాటా అప్పజెప్పాను.

“పాటలు మేం తెచ్చుకుంటాం. చెవులు మీరు తెచ్చుకోండి.”